పన్నెండో గది గోడ

సాయంసంధ్యా నివాసంలో పన్నెండో గదిలో ఉండే ఇద్దరు తోడికోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పెద్దావిడ మాణిక్యాంబ, చిన్నావిడ హైమవతి. మాట్లాడుకోరంటే గది నిశ్శబ్దంగా ఉంటుందని కాదు. ఆ నివాసం మొత్తం మీద అన్ని మాటలు వినిపించే గది మరొకటి లేదు. ఇద్దరూ గోడతో మాట్లాడతారు.

తగువుకు కారణం వాళ్ళ లెక్కలో చిన్నది కాదు. దగ్గర బంధువుల గృహప్రవేశంలో పాలు పొంగించే పని ఇద్దరికీ కలిపి అప్పగించారు. పాలు గిన్నె అంచుదాకా వచ్చి, పొంగకుండా ఆగి, మీగడ కట్టాయి. చూస్తే పొయ్యి ఆరిపోయి ఉంది. ఆర్పింది నువ్వంటే నువ్వని నలుగురి ముందూ అనుకున్నారు. ఆ మాటే ఆఖరి మాట. అప్పటినుంచి పదిహేడేళ్ళలో ఇద్దరి భర్తలూ కాలం చేశారు, ఉమ్మడి ఇల్లు చేతులు మారింది, మాణిక్యాంబ మోకాళ్ళు అరిగాయి, హైమవతి కళ్ళకు నీటికాసులు పట్టి మనుషులు నీడలుగా మిగిలారు. వాళ్ళను ఎవరూ తీసుకొచ్చి ఇక్కడ వదిలిపెట్టలేదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చి చేరారు. తాను ముందు నిర్ణయించుకుంటే రెండో ఆవిడ వెంటబడి వచ్చిందని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇంటిపేరు ఒకటే కదా అని ఆఫీసువాళ్ళు ఇద్దరినీ ఒకే గదిలో వేశారు.

పొద్దున కాఫీ అవగానే మాణిక్యాంబ పేపరు విప్పి, గోడకేసి తిరిగి, మొదటి పేజీ నుంచి సంతాప ప్రకటనల దాకా పైకి చదువుతుంది. హైమవతి తనకేమీ పట్టనట్టు కూర్చుని ఒక్క అక్షరం పోకుండా వింటుంది. చదవడం అయ్యాక మాణిక్యాంబ, "కర్ర ఎక్కడ చచ్చిందో" అంటుంది గోడతో. హైమవతి లేచి వెళ్ళి మంచం పక్కన నిలబడుతుంది. భుజం మీద ఒక బరువైన చెయ్యి పడుతుంది. ఇద్దరూ వరండాలోకి నడుస్తారు. "గుమ్మం ఉందని గోడకి తెలీదు గావును" అంటుంది మాణిక్యాంబ. హైమవతి కాలెత్తి గుమ్మం దాటుతుంది. గోడ లేని చోట స్తంభంతో, స్తంభం లేని చోట కుండీలోని క్రోటన్ మొక్కతో పని జరుగుతుంది.

హైమవతి ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. చూపున్నన్నాళ్ళూ వేదాంతమూ తర్కమూ చదివింది. 'నేను' అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న పుస్తకాల్లో ఆమెకు ఎంతకీ తెగలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న రోజూ పొద్దున ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని వరండా దాకా నడిచి వెనక్కి వస్తోంది.

ఇలా ఉండగా, ఆ నివాసాన్ని నడిపే వయోవృద్ధ సమగ్ర సంక్షేమ మండలి సంయుక్త సంచాలకులు భానుమూర్తిగారు ఒక ఉదయం భోజనశాలలో సమావేశం పెట్టారు.

మండలి కింద రెండు విభాగాలున్నాయి. కాస్త చెయ్యి అందిస్తే చాలనుకునేవాళ్ళకు, ఈ నివాసంలోనే, ఆసరా విభాగం. అన్నీ ఒకరు చేసిపెట్టవలసినవాళ్ళకు, రోడ్డుకు అవతల, పరిచర్యా విభాగం. మొదటిదానికన్నా రెండోదానికి ఖర్చు రెట్టింపు. ఎందుకు రెట్టింపు అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఈ మధ్య భానుమూర్తిగారు ఒక శిక్షణా శిబిరానికి వెళ్ళివచ్చారు గనక ఆయనకు వచ్చింది.

హైమవతికి ఆయన ముఖం కనిపించలేదు. గొంతు మాత్రం కొత్తగా ఇస్త్రీ చేసినట్టు ఉంది.

"సోదర సోదరీమణులారా, రెండు విభాగాల వ్యయమును తులనాత్మకముగా పరిశీలించగా ఒక మౌలిక సత్యము వెలుగులోనికి వచ్చినది. పరిచర్యా విభాగములో సాయము ఎక్కువ. ఆసరా విభాగములో సాయము తక్కువ. కావున వ్యయమునకు మూలకారణము వృద్ధాప్యము కాదు, వ్యాధి కాదు. సాయము."

సూపరింటెండెంటు కోదండపాణి చప్పట్లు కొట్టాడు. భోజనశాలలో మరికొందరు, ఉప్మా వస్తోందేమోనని, చప్పట్లు కొట్టారు.

సాయానికి ఇంతవరకు కొలత లేకపోవడం వల్లే అది విచ్చలవిడిగా జరిగిపోతోందని ఆయన వివరించారు. ఇకమీదట సాయానికి ప్రమాణం ఊతం. ఒక వ్యక్తి తనంతట తాను చేసుకొనజాలని పనిలో మరొక వ్యక్తి అందించు కనీస తోడ్పాటు ఒక ఊతం. రోజువారీ పరిమితి దాటినవారు పరిచర్యా విభాగానికి బదిలీ. అక్కడ గదికి ఒక్కరే.

"అయ్యా, చిన్న సందేహమండి," అన్నాడు ఎనిమిదో గది జగ్గారావు. హెడ్ కానిస్టేబులుగా చేసిన మనిషి. ఎవరు మాట్లాడినా లేచి నిలబడతాడు. "ఎవరన్నా తుమ్మితే శతాయుష్షు అంటాం కదండి. అది కూడా ఊతంలోకే వస్తదాండి?"

భానుమూర్తిగారు ఆలోచించారు. "తుమ్మినవారు తమకు తామే అనుకొనజాలని స్థితిలో ఉన్నచో, రావచ్చును. ఆశీర్వచనములపై స్పష్టత కోరుతూ పైకి వ్రాస్తాము. అంతవరకు తుమ్మినవారిని ఎవరూ పట్టించుకోరాదు."

"మరి మీరు మాకు సేవ చేయటానికే ఉన్నారు గదండి?"

"మేము సేవ చేయుట లేదు. సేవను కొలుచుచున్నాము. రెండింటికీ సిబ్బంది వేరు."

హైమవతి మిగతా మాటలు వినలేదు. 'గదికి ఒక్కరే' దగ్గర ఆగిపోయింది. పక్క కుర్చీలో మాణిక్యాంబ ఊపిరి కూడా అక్కడే ఒకసారి ఆగినట్టు అనిపించింది. కాని ఆవిడ గోడకేసి తిరిగి, "ఉప్మాలో జీడిపప్పు వెయ్యలేదని చెప్పుకోటానికి ఒక్కడూ లేడు" అంది.

ఊతాలు లెక్కపెట్టడానికి మండలి కొత్త యంత్రాలేవీ తయారు చేయించలేదు. వేలికి ఉంగరంలా తొడుక్కుని రామనామం లెక్కపెట్టుకునే బొత్తాం మరలను గుడి ముందు దుకాణాల్లో టోకున కొనుక్కొచ్చారు. ఆయాలూ నర్సులూ తలా ఒకటి వేలికి తొడుక్కున్నారు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే టిక్. చెప్పు తిప్పి పెడితే టిక్. "మెట్టుంది, చూసుకోండి" అనడం మాటసాయం. రెండు మాటసాయాలకు ఒక టిక్. చూపు లేనిదానికి చెవే లోకం కాబట్టి, హైమవతికి ఆ వారంలో లోకమంతా టిక్కుటిక్కుమంటూ వినిపించింది. ఎక్కడో ఒకరు తూలిపోయారనీ ఒకరు పట్టుకున్నారనీ ఆ చప్పుడుతో తెలిసేది. తర్వాత తర్వాత తూలిన చప్పుడే వినిపించేది. టిక్ వినిపించేది కాదు.

ఎందుకంటే మనుషులు సాయానికి భయపడడం నేర్చుకున్నారు. ఆయా కనిపిస్తే చొక్కా బొత్తాలు ఎక్కడివక్కడ వదిలేసి, "మాకేం తక్కువ" అన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడేవారు. జగ్గారావు తలనొప్పి మందు డబ్బా మూత రాక, డబ్బాను జేబులో వేసుకుని తిరిగాడు. తలనొప్పి తలలో ఉంది, మందు జేబులో ఉంది, మధ్యలో మండలి ఉంది. ఒకరోజు ఆయన మెట్ల మీద జారి పడితే ఇద్దరు ఆయాలు పరుగెత్తుకొచ్చారు.

"అక్కడే ఆగండమ్మా," అన్నాడు కింద పడుకునే, చెయ్యెత్తి ఆపుతూ. "నా కోటా అయిపోయింది. రేపు పొద్దున లేస్తాను."

ఆ నెల ఆసరా విభాగం వ్యయం గణనీయంగా తగ్గింది. పడిపోవడాలు పెరిగాయి గాని, పడినవాళ్ళు వెళ్ళేది ప్రభుత్వాసుపత్రికి. అది వేరే శాఖ, వేరే పద్దు.

లెక్కలన్నీ కూడినప్పుడు పన్నెండో గది దగ్గర భానుమూర్తిగారి కలం ఆగింది. ఒకరికి మోకాళ్ళు లేవు. ఒకరికి కళ్ళు లేవు. ఊతాలు సున్నా. ఆయనే స్వయంగా విచారణకు వచ్చారు. వెంట కోదండపాణి, నర్సు స్టెల్లా సిస్టరు.

"మీకు చూపు లేదని రికార్డులో ఉన్నది. కాని వార్తలన్నీ తెలుసునట. పేపరు ఎవరు చదివి వినిపిస్తున్నారు?" అని హైమవతిని అడిగారు.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. "ఆవిడ" అనాలి. పదిహేడేళ్ళుగా హైమవతి ఆ మాట అనలేదు. పైగా ఆ 'ఆవిడ' నాలుగడుగుల దూరంలో, చెవులు ఇటే పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాకెవరూ చదివి వినిపించరండి," అంది. "గోడకి చదువుతారు. నాకు వినపడుతుంది."

"గోడకి," అన్నారు భానుమూర్తిగారు.

"అవునండి."

ఆయన మాణిక్యాంబ వైపు తిరిగారు. "మీరు నడవలేరని ఉన్నది. వరండాలోకి ఎలా వెళ్ళగలుగుచున్నారు?"

"గోడకి చెప్పుకుంటానండి, కర్ర కావాలని," అంది మాణిక్యాంబ. "వస్తది. ఎవరి దగ్గరా చెయ్యి చాచే వంశం కాదండి మాది."

"గోడ మిమ్ములను ఎంతకాలముగా ఆదుకొనుచున్నది?"

"నేనొచ్చిన దగ్గర్నుంచీనండి. నేనే ముందొచ్చాను ఇక్కడికి. అది కూడా రాసుకోండి బాబూ."

"ఆ ముక్క గోడని అడిగితే తెలుస్తుంది, ఎవరు ముందొచ్చారో," అంది హైమవతి గోడతో.

స్టెల్లా సిస్టరుకు నవ్వూ బెంగా ఒకేసారి వచ్చాయి. "సార్, అసలు సంగతేంటంటే, వీళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు..."

"సిస్టర్, అభిప్రాయములు వద్దు. పరిశీలన కావలెను," అని భానుమూర్తిగారు గోడ దగ్గరికి వెళ్ళారు. అరచేత్తో దాన్ని నిమిరారు. తర్వాత రాసుకున్నది పైకి చదివారు, తప్పులుంటే దిద్దుకోవడం ఆయన అలవాటు గనక: "సాయము అందించు ఆధారము: గోడ. వేతనము లేదు. భోజనము లేదు. సెలవులు లేవు. వ్యయము: శూన్యము."

అలా ఒక గొప్ప ఉద్యమం మొదలైంది.

మండలి ప్రధాన కార్యాలయంలో తులనా పట్టిక మారిపోయింది. ఇన్నాళ్ళూ దానిలో రెండే నిలువు గడులు: పరిచర్య, ఆసరా. ఇప్పుడు మూడోది చేరింది: గోడ. మూడింటిలో ఏది చవకో వేరే చెప్పనక్కర్లేదు. దానికి 'కుడ్యాధారిత స్వావలంబన పథకం' అని పేరు పెట్టారు. కుడ్యమంటే గోడే, కాని గోడకు నిధులు రావు, కుడ్యానికి వస్తాయి. ఆయాల్లో సగం మందిని ఇళ్ళకు పంపేశారు. ప్రతి గదిలోనూ మంచాలను గోడకేసి తిప్పారు. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట వృద్ధులందరూ గోడలతో సంభాషించాలి.

మూడో రోజు భానుమూర్తిగారి ముందు జగ్గారావు లేచి నిలబడ్డాడు. "మా గోడ పలకట్లేదండి."

"ఏమని అడిగారు?"

"డబ్బా మూత తియ్యమన్నానండి. పొద్దుట్నుంచీ అడుగుతున్నాను. మర్యాదగానే అడిగానండి. తర్వాత కొంచెం స్టేషన్ భాషలో కూడా అడిగాను."

"లోపం అక్కడే ఉన్నది," అన్నారు భానుమూర్తిగారు. "మీ వైపు నుండి సుహృద్భావం లోపించినది. పన్నెండవ గదిలోని సోదరీమణులు తమ గోడతో ఎన్ని ఏళ్ళ సాన్నిహిత్యం పెంచుకొన్నారో గమనించండి."

ఆ సోదరీమణుల పేరు జిల్లా అంతటా మారుమోగింది. పక్క నివాసాల నుంచి బస్సుల్లో వచ్చి గుమ్మంలో నిలబడి చూసిపోయేవారు. మాణిక్యాంబ పేపరు చదువుతుంటే వాళ్ళు గోడకు దణ్ణం పెట్టుకునేవారు. ఎవరో గోడకు పసుపు రాసి బొట్టు పెట్టారు. హైమవతికి ఇదంతా కొంత నవ్వు తెప్పించింది. మరికొంత, తనకు ఇష్టం లేకుండానే, గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం దేనికోసమని తనను తాను ప్రశ్నించుకుంటే సరైన సమాధానం దొరకలేదు. ఒక అబద్ధాన్ని ఇద్దరు కలిసి అంత చక్కగా ఆడడం కూడా ఒక రకమైన సఖ్యతే కాబోలు.

ఆ గర్వం అణిగిపోయేలా వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కోదండపాణి గదిలోకి వచ్చి నిలబడి చదివాడు.

"పన్నెండవ గదిలో ఒకే గోడ ఇద్దరు లబ్ధిదారులకు సేవలందించుచున్నందున, ఏ లబ్ధిదారుకు ఎంత లబ్ధి చేకూరుచున్నదో విడదీసి చూచుట సాధ్యపడుట లేదు. మరియు సదరు గోడ యొక్క ఒక ముఖము మాత్రమే వినియోగములో ఉండి, పదమూడవ గది వైపు ముఖము నిరుపయోగముగా ఉన్నది. కావున లబ్ధిదారులను గోడకు చెరొక వైపున ఉంచవలసినది."

పదమూడో గదిలో విరిగిన చక్రాల కుర్చీలు పడేస్తారు. అవి తీసేసి, మంచం వేసి, హైమవతిని అక్కడికి మార్చాలి.

ఆ మధ్యాహ్నం హైమవతి గోడ పట్టుకుని తడుముకుంటూ ఆఫీసు గదికి వెళ్ళింది. దారిలో రెండుసార్లు తలుపుకు తగిలింది. కోదండపాణి మంచివాడు, మంచివాళ్ళను ఎక్కడ కూర్చోబెడితే అక్కడి కుర్చీలా తయారవుతారు.

"నిజం చెప్పేస్తే ఏమవుతుందండి?" అని అడిగింది. "గోడ కాదు, మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం చేసుకుంటున్నామని?"

"అప్పుడవన్నీ ఊతాలవుతాయండి. పేపరు చదివితే ఊతం, భుజం ఇస్తే ఊతం. మీరు రోజూ మాట్లాడుకునే మాటలన్నీ... మాట్లాడుకోని మాటలన్నీ మాటసాయం. సాయంత్రానికి ఇద్దరూ పరిమితి దాటేస్తారు. పరిచర్యకి పంపించేస్తారు. అక్కడ మీరొక వార్డు, ఆవిడొక వార్డు. ఖర్చు డబలు. మీ పెన్షను చాలదు కూడానండి."

"చెప్పకపోతే?"

"ఇక్కడే చెరో గదిలో."

"అంటే చెప్పినా వేరే, చెప్పకపోయినా వేరే."

కోదండపాణి గొంతు తగ్గించాడు. "అవునండి. కాకపోతే రెంటినీ పోల్చి చూసుకుంటే, చెప్పకుండా వేరవడమే చవక."

హైమవతి తిరిగివచ్చేసరికి ఆమె బట్టల పెట్టె గుమ్మంలో పెట్టి ఉంది. మాణిక్యాంబ గోడతో అంటోంది: "వెళ్ళేవాళ్ళు వెళతారు. నాకేం, గోడ ఉంది." కాసేపాగి, "ఆ గదిలో కిటికీ తలుపు రెక్క బయటికి కాదు, లోపలికి తెరుచుకుంటుంది. తల బద్దలు కొట్టుకుంటారు ఎవరైనా, చూసుకోకపోతే" అంది.

అవతలి గదిలో హైమవతి మొదటి రోజంతా గోడ పక్కనే కూర్చుంది. పాతకాలపు గోడ అది. జానెడు ఇటుక, సున్నం. దేనినైనా ఆపగలదు. అవతల మాణిక్యాంబ పేపరు చదువుతోందో లేదో తెలియలేదు. ఆయాను పిలిచి అడగవచ్చు, అడిగితే టిక్. లోకంలో ఆ రోజు ఎవరు పోయారో, బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు కదిలిందో ఏమీ తెలియకుండా ఒక ఉదయం గడిచిపోయింది. అలాంటి ఉదయం ఆమెకు ఇదే మొదటిది. మౌనంగా ఉండడమంటే ఏమిటో తనకు తెలుసునని ఇన్నేళ్ళూ అనుకుంది. పదిహేడేళ్ళుగా తాను మౌనంగా ఒక్క పూట కూడా లేదని, ఎదుటి మనిషి వింటున్నంతసేపు అది మౌనం కాదని, ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నాక గాని అర్థం కాలేదు. మర్నాడు భుజం నొప్పిగా అనిపించింది. బరువు మోసినందుకు కాదు. పొద్దున్నే అలవాటైన బరువు పడనందుకు.

స్టెల్లా సిస్టరు రెండు గదులకూ తిరిగి కబురు తెచ్చేది. ఆ కబురుకు టిక్ వెయ్యడం మరిచిపోయినట్టు నటించేది. "ఆవిడ మంచం దిగట్లేదమ్మా. పేపరు మడత విప్పట్లేదు. అడిగితే గోడకి ఒంట్లో బాగాలేదంటున్నారు."

మండలికి వెళ్ళిన నివేదిక కూడా అదే చెప్పింది. గోడకు రెండు వైపులా ఫలితాలు పడిపోయాయి. భానుమూర్తిగారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. సేవాభారం రెండు ముఖాలకూ పంపిణీ కావడంతో గోడ అలసిపోయిందని ఒక వర్గం, ఈ గోడలో మొదటినుంచీ ఏదో ప్రత్యేక గుణం ఉందని మరో వర్గం వాదించాయి. ఇంజనీరింగు విభాగం వచ్చి గోడను గీకి, రుచి చూసినంత పని చేసి, సున్నంలో బెల్లమూ కరక్కాయ నీళ్ళూ కలిశాయని తేల్చింది. అటువంటి గోడ ఒక మారుమూల నివాసంలో ఇద్దరు స్త్రీలకే పరిమితమై ఉండడం ప్రజాధనానికి అన్యాయమని మండలి తీర్మానించింది. గోడను రాష్ట్ర స్థాయిలో అధ్యయనం చేయాలి. కావున తరలించాలి.

కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టారు. ఇటుక ఇటుకకూ అంకె వేసి, గడ్డిలో చుట్టి, లారీకెక్కించారు. లారీ ముందు జగ్గారావు అలవాటుగా సెల్యూట్ చేశాడు. భానుమూర్తిగారు లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నారు, గోడకు తోడుగా. ఆ తోడును ఊతంగా లెక్కించాలా వద్దా అన్నది ఎవరూ అడగలేదు.

కూలీలు వెళ్ళిపోయారు. దుమ్ము నెమ్మదిగా దిగింది. హైమవతికి ఎదురుగా, ఎప్పుడూ చీకటి ముద్దలా ఉండే చోట, వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు మధ్యలో మంచం మీద కూర్చున్న ఒక లావుపాటి నీడ.

చాలాసేపు ఇద్దరూ ఏమీ అనలేదు. అనడానికి ఎదురుగా ఏమీ లేదు.

"గోడేదీ?" అంది మాణిక్యాంబ ఆఖరికి, ఎవరితోనో.

"పట్టుకుపోయారు," అంది హైమవతి.

అన్నాక గాని తెలియలేదు, జవాబు చెప్పానని.

"నిన్నెవరడిగారు?"

"ఇంకెవరున్నారు ఇక్కడ, అక్కయ్యా?"

'అక్కయ్యా' అన్న మాట పాత పెట్టెలోంచి తీసిన చీరలా మడతలు పడి, కొంచెం కర్పూరం వాసన వేస్తూ బయటికి వచ్చింది. మాణిక్యాంబ ముక్కు గట్టిగా ఎగబీల్చింది, దుమ్మువల్ల కావచ్చు.

"కిటికీ రెక్క తగిలిందా?"

"తగల్లేదు. లోపలికి తెరుచుకుంటుందని ఎవరో గోడకి చెబుతుంటే విన్నాను."

"ఆ రోజు పొయ్యి ఆర్పింది నువ్వే," అంది మాణిక్యాంబ.

"నేను కాదు. మీరే."

"నేనెందుకు ఆర్పుతానే? మా పుట్టింటి వైపువాళ్ళ గృహప్రవేశం."

"అందుకే. పేరు నా మీద పడాలని."

భోజనాల గంట మోగేదాకా పోట్లాడుకున్నారు. మధ్యలో అడ్డు లేకపోవడంతో మాటలు సూటిగా తగిలాయి. పదిహేడేళ్ళ తర్వాత తగిలాయి గనక ఇద్దరికీ ఆకలి బాగా వేసింది.

గోడను తీసుకెళ్ళడానికి నిధులున్నాయి గాని కొత్త గోడ కట్టడానికి లేవు. దానికి అంచనా తయారు కావాలి. అంచనాకు పాత గోడ కొలతలు కావాలి. అవి గోడతోపాటు రాజధానికి వెళ్ళిపోయాయి. అక్కడ గోడను చల్లగాలి హాల్లో మళ్ళీ పేర్చి, ముందు కుర్చీలు వేసి, అధికారులు వంతులవారీగా దానికి ఎదురుగా కూర్చుంటున్నారని స్టెల్లా సిస్టరు చెప్పింది. ఇంతవరకు గోడ ఏమీ మాట్లాడలేదట. నివేదిక మాత్రం మొదటి సంపుటం వచ్చిందట.

ఇద్దరూ ఎప్పటిలాగా రోజూ వరండాలోకి నడుస్తున్నారు. కాని హైమవతికి లోపల ఒక భయం ఉంది. ఏదో ఒక రోజు తులనా పట్టికలో ఖాళీగా ఉన్న గడి ఎవరికో గుర్తుకొస్తుంది.

గుర్తుకొచ్చింది. భానుమూర్తిగారు వచ్చారు. వెనక కోదండపాణి, వేలికి బొత్తాం మరతో స్టెల్లా సిస్టరు. ఆయన గొంతులో ఇస్త్రీ కొంచెం నలిగింది.

"గోడను తరలించిన పిమ్మట మీ వ్యయస్థితి తెలిసికొనవలసి ఉన్నది. పేపరు వింటున్నారట. నడుచుచున్నారట. ఇప్పుడు మీకు సాయము ఎవరు చేయుచున్నారు?"

మళ్ళీ ఒక్క మాట చాలు. ఈసారి ఆ మాట హైమవతి గొంతులోనే సిద్ధంగా ఉంది, రావడానికి ఆత్రపడుతోంది. వస్తే మాత్రం ఇద్దరూ రోడ్డుకు అవతల చెరో వార్డులో ఉంటారు. నిజం చెప్పలేక ఇన్నేళ్ళూ ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు నిజాన్ని కాపాడుకోవడానికి ఆడవలసి రావడం ఏ తర్కశాస్త్రంలోనూ ఆమె చదవలేదు.

"గోడేనండి," అంది మాణిక్యాంబ, తడుముకోకుండా.

"గోడ లేదు కదమ్మా."

"లేదండి."

"లేని గోడ సాయము ఎట్లు చేయును?"

మాణిక్యాంబ ఆగింది. ఆవిడకు తోచనప్పుడు ఆ ఆగడం ఎలా ఉంటుందో హైమవతికి తెలుసు. హైమవతి చూపులేని తన ముఖాన్ని గోడ ఉండే చోటికి, ఆ వెలుతురులోకి, భక్తిగా తిప్పింది.

"అలవాటండి," అంది. "అది ఉన్నన్నాళ్ళూ మాకు అంతా నేర్పేసింది. ఇప్పుడది ఉన్నా లేకపోయినా ఒకటేనండి మాకు."

భానుమూర్తిగారి కలం చప్పుడు వినిపించింది, చాలా వేగంగా. "ఉన్న గోడకు నిర్వహణ వ్యయము కలదు," అని ఆయన పైకి చదువుకున్నారు. "సున్నము, రంగు, మరమ్మతులు. లేని గోడకు అదియును లేదు. కావున పరిచర్య కన్నా ఆసరా, ఆసరా కన్నా గోడ, గోడ కన్నా గోడ లేకపోవుట..." ఆయన కలం ఆపారు. "కోదండపాణిగారూ, ఇది కుడ్యరహిత స్వావలంబన. మిగిలిన గదులలో గోడలు ఎన్ని ఉన్నవి?"

"చాలా ఉన్నాయండి," అన్నాడు కోదండపాణి నీరసంగా. "కప్పు వాటి మీదే ఉందండి."

"పరిశీలించవలెను," అంటూ ఆయన ఉత్సాహంగా వెనుదిరిగారు. గోడ ఊడదీసిన చోట పునాది ఇటుకలు ఇంకా నేలలోంచి లేచి ఉన్నాయి.

"కాళ్ళ దగ్గర ఇటికుంది బాబూ, చూసుకోండి," అంది మాణిక్యాంబ.

ఆయన తూలి, సిస్టరు చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నారు.

టిక్.

"అదేమిటి?" అన్నారు భానుమూర్తిగారు.

"మీ లెక్కలో వేశాను సార్," అంది స్టెల్లా సిస్టరు. "మాటసాయం ఒకటి, చెయ్యి ఒకటి. మాటసాయం రెండోది వచ్చేదాకా అర టిక్కు నా దగ్గర దాచి ఉంచుతాను."

అడుగుల చప్పుళ్ళు దూరమయ్యాయి. దూరాన జగ్గారావు లేచి నిలబడి, తన గోడను ఎప్పుడు తీసుకెళతారని మర్యాదగా అడగడం వినిపించింది.

"కర్ర ఎక్కడ చచ్చిందో," అంది మాణిక్యాంబ.

హైమవతి లేచి వెళ్ళి పక్కన నిలబడింది. భుజం మీద బరువు పడింది. ఎక్కడా ఏ చప్పుడూ కాలేదు. ఇద్దరూ ఇటుకల మీదుగా జాగ్రత్తగా కాళ్ళెత్తి వేస్తూ వరండా వైపు నడిచారు.

"అంత అబద్ధం ఎలా తోచిందే నీకు?"

"మీరు మొదలుపెట్టబట్టే కదా అక్కయ్యా."

"ఊరుకో. ఆ రోజు కూడా ఇలాగే నన్నే అన్నావు. పొయ్యి ఆర్పింది మాత్రం నువ్వే."

సిలిండరులో గ్యాసు అయిపోయి ఉండవచ్చునన్న సంగతి హైమవతికి పదమూడో గదిలో ఒంటరిగా కూర్చున్న రోజుల్లోనే తట్టింది. చెబితే తగువు తీరిపోతుంది.

"మీరే," అంది హైమవతి.

గుమ్మం దగ్గర భుజం మీద చెయ్యి కొంచెం బిగిసింది. ఆమె కాలెత్తి దాటింది.